మియాటా సస్పెన్షన్‌ను రోజువారీ రోడ్డుకు తగినట్టు దించడం ఎలా

అమెరికాలో రెండో కారుగా పాత మాజ్డా మియాటా కొన్న తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. కారు ఎత్తును ఎంత దించవచ్చు, స్ప్రింగులు మాత్రం మారిస్తే సరిపోతుందా? ఈ రెండింటికీ ఒకేచోట జవాబు ఉండాలని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇది మొదటి రెండు తరాల మియాటాలకు, అంటే లేచి మూసుకునే హెడ్‌లైట్లున్న 1990–1997 మోడళ్లకు (ఎన్‌ఏ), ఆ తరువాత వచ్చిన 1999–2005 మోడళ్లకు (ఎన్‌బీ) వర్తిస్తుంది. రెండింటిలోనూ నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షనే (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి చొప్పున రెండు ఆర్ములు పట్టుకునే అమరిక) ఉంటుంది కాబట్టి పని దాదాపు ఒకే తీరులో సాగుతుంది. ట్రాక్ మీద పందెం కోసం తయారుచేసే కారు లెక్కలు వేరు, వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

ముందుగా ఎంత దించాలో తేల్చుకోండి

ఎత్తును నేల నుంచి కొలవకండి. టైరు సైజు, గాలి పీడనం మారితే ఆ కొలత మారిపోతుంది. చక్రం మధ్యబిందువు నుంచి నిట్టనిలువుగా పైన ఉన్న మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి. ఫ్యాక్టరీ ఎత్తులో ఉన్న కారుకు ఇది సుమారు 14 అంగుళాలు ఉంటుంది, కానీ ఇరవై ముప్పై ఏళ్ల స్ప్రింగులు కుంగి ఉంటాయి కనుక మీ కారు కొలత మీరే తీసుకోవాలి. రోజూ నడిపే కారుకు ముందు 13 అంగుళాలు, వెనుక అంతకన్నా పావు నుంచి అర అంగుళం ఎక్కువ ఉండేలా చూసుకోవాలన్నది నా సలహా. ముందు 12½ కన్నా కిందికి వెళితే కారు అందంగా కనిపించవచ్చు గానీ రోడ్డు మీద సరిగా నడవదు.

కారణం చెప్పి పనిలోకి వెళదాం. కారును ఒక అంగుళం దించితే చక్రం పైకి కదలడానికి ఉన్న జాగా ఒక అంగుళం తగ్గుతుంది. రోడ్డు మీది గుంటలు మాత్రం తగ్గవు. ఆ జాగా అయిపోగానే షాక్ అబ్జార్బర్ వచ్చి బంప్ స్టాప్‌ను (కదలిక చివర దెబ్బను ఆపే మెత్తని దిమ్మెను) గుద్దుకుంటుంది, ఆ క్షణంలో ఆ చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినట్టవుతుంది. ఇది మలుపు మధ్యలో వెనుక చక్రానికి జరిగితే టైరు పట్టు తప్పి కారు వెనుక భాగం పక్కకు జారుతుంది. మియాటా వెనుక చక్రాలతో నడిచే కారు, వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2,265 మిల్లీమీటర్లే. తడి రోడ్డు మీద అలా జారితే సరిదిద్దుకోవడానికి చాలా తక్కువ సమయం దొరుకుతుంది. అందుకే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యంగా కాపాడుకోవాల్సింది బంప్ స్టాప్ తగలకముందు మిగిలే కదలిక. కింద చెప్పిన చాలా జాగ్రత్తలు దాని కోసమే.

ఏ భాగాలు కొనాలి

మూడు దారులున్నాయి. మొదటిది, దించే స్ప్రింగులతో పాటు వాటికి తగిన కొత్త షాకులు వేయడం. రోడ్డు కారుకు నేను ముందుగా సిఫారసు చేసేది ఇదే. పొట్టి స్ప్రింగులకు సరిపడేలా తయారైన షాకులనే ఎంచుకోండి. ఉదాహరణకు బిల్‌స్టీన్ కంపెనీ షాకుల్లో బీ6 మామూలు ఎత్తుకు, బీ8 దించిన కార్లకు ఉద్దేశించినవి. కోనీ కంపెనీ పసుపు రంగు షాకుల మీద స్ప్రింగు కూర్చునే గిన్నెను ఆనించే రింగు కోసం ఒకటికి మించి గాడులుంటాయి కాబట్టి ఎత్తును కొంత సర్దుకోవచ్చు. రెండవది, కాయిల్‌ఓవర్లు, అంటే బయట మరలున్న షాకు బాడీ మీద స్ప్రింగు కూర్చునేవి. వీటితో ఎత్తు కావలసినట్టు మార్చుకోవచ్చు, కానీ మరీ చవక రకాల్లో డ్యాంపింగ్ (స్ప్రింగు ఊగుడును అదుపు చేసే శక్తి) స్ప్రింగుకు సరిపోదు, ఉప్పు చల్లే రాష్ట్రాల్లో మరలు రెండు చలికాలాల్లోనే బిగుసుకుపోతాయి. మూడవది, పాత షాకుల మీదే కొత్త స్ప్రింగులు వేయడం. అరిగిన షాకు గట్టి స్ప్రింగును అదుపు చేయలేదు, కారు గుంట దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. డబ్బు చాలకపోతే ఆరు నెలలు ఆగి షాకులతో కలిపి చేయండి.

ఫ్యాక్టరీ స్ప్రింగులను కోయడం మాత్రం వద్దు. కోసిన స్ప్రింగు చివరి చుట్టు గిన్నెలో సరిగా కూర్చోదు. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు వదులై, తిరిగి పడేటప్పుడు గిన్నె నుంచి పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది. పైగా ఒక చుట్టు తీసేస్తే వచ్చే గట్టిదనం, మీరు పోగొట్టుకున్న కదలికకు ఏమాత్రం సరిపోదు.

మీది ఎన్‌ఏ అయితే ఇంకొకటి చేయండి. ఎన్‌బీ కారు పై మౌంట్లు (షాకు పై కొసను బాడీకి బిగించే భాగాలు), బంప్ స్టాపులు దీనికీ సరిపోతాయి, వాటితో షాకుకు కొంత అదనపు కదలిక దొరుకుతుంది. ఏ కారుకైనా బంప్ స్టాపులు కొత్తవే వేయండి. పాతవి చేతితో నలిపితే పొడిపొడిగా రాలిపోతాయి.

కావలసిన పనిముట్లు: ఫ్లోర్ జాకీ, నాలుగు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డు దిమ్మెలు, 14, 17 మిల్లీమీటర్ల సాకెట్లతో కూడిన సెట్టు, టార్క్ రెంచ్, మంచి రకం స్ప్రింగు కంప్రెసర్, పొడవాటి ఇనుప గొట్టం లేదా గడ్డపార, తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్, తెల్ల పెయింటు పెన్ను, నాలుగు జిప్ టైలు, కొలతల టేపు, మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్. సహాయానికి ఒక మనిషి ఉంటే పని సగం సులభమవుతుంది. మొదటిసారి చేసేవారు రెండు పూర్తి రోజులు కేటాయించుకోండి, సోమవారం ఉదయం ఆఫీసుకు ఈ కారులోనే వెళ్లాలన్న పరిస్థితి పెట్టుకోకండి.

పని క్రమం

1. మూడు నాలుగు రోజుల ముందు నుంచే సస్పెన్షన్ బోల్టులన్నిటి మీద రోజూ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. న్యూజెర్సీ, మిషిగన్ వంటి మంచు రాష్ట్రాల్లో తిరిగిన కారైతే ఇది తప్పనిసరి. కింది ఆర్ముల లోపలి వైపు ఉండే ఎక్సెంట్రిక్ బోల్టులు, అంటే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) సర్దే బోల్టులు, బుష్ (ఆర్ము కీలులోని రబ్బరు తొడుగు) లోపలి ఉక్కు గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి. వాటిని కదిలించలేకపోతే చివరిలో అలైన్‌మెంటే జరగదు. కనుక పని మొదలుపెట్టే ముందే అవి తిరుగుతున్నాయో లేదో తేల్చుకోండి. పరీక్షించే ముందు ప్రతి ఎక్సెంట్రిక్ వాషరు గీత ఎక్కడుందో పెయింటు పెన్నుతో గుర్తు పెట్టుకోండి, ఫోటో కూడా తీసుకోండి.

2. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిచూసి (ఫ్యాక్టరీ సైజు టైర్లకు ఎన్‌ఏలో 26 పీఎస్‌ఐ), నాలుగు మూలల ఎత్తులూ కొలిచి రాసుకోండి. ఎడమ కుడి మధ్య తేడా ఉంటే ఇప్పుడే తెలియాలి.

3. కారును పైకి లేపండి. ముందు క్రాస్‌మెంబర్ మధ్యన, వెనుక డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి, స్టాండ్లను పక్క అంచుల్లో జాకీ కోసం కేటాయించిన చోట్ల ఉంచండి. మియాటాలో ఈ అంచు రేకు సులభంగా వంగుతుంది కాబట్టి గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ వాడండి. కారు కిందికి దూరే ముందు రెండు చేతులతో బలంగా ఊపి చూడండి. జాకీ ఒక్కదాని మీద నిలబడిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి.

4. ముందు చక్రాలు తీసి, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్ లింకులను రెండు వైపులా విప్పండి. ఒక్క వైపే విప్పితే అవతలి చక్రం బార్ ద్వారా ఈ ఆర్మును పట్టుకుని కిందికి రానివ్వదు. చాలామంది గంటల తరబడి కష్టపడేది ఇక్కడే.

5. షాకు కింది బోల్టు తీయండి, తరువాత ఇంజిన్ గదిలో పై మౌంటుకున్న రెండు నట్లు తీయండి. సహాయకుడు గడ్డపారతో కింది ఆర్మును నెమ్మదిగా కిందికి నొక్కుతుండగా షాకును బయటికి లాగండి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ ఉన్న కార్లలో దాని సెన్సరు తీగ బిగుసుకుపోకుండా చూడండి. దేని బరువూ బ్రేకు గొట్టం మీద వేలాడకూడదు.

6. వెనుక షాకుల పై నట్లు డిక్కీలో, లోపలి కప్పుల వెనుక ఉంటాయి. ఎడమ వైపు పెట్రోలు నింపే గొట్టం మీద ఉన్న కప్పును కూడా తీయాలి. కుడి వైపు బ్యాటరీ ఉంటుంది. సాకెట్ రెంచ్ దాని కొసలకు తగిలి నిప్పురవ్వలు రాకుండా ముందుగా నెగటివ్ వైరు విప్పండి.

7. ఇప్పుడు ఈ పనిలో అతి ప్రమాదకరమైన భాగానికి వచ్చాం. స్ప్రింగును షాకు నుంచి వేరు చేయడానికి కంప్రెసర్ కొక్కేలను ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా తగిలించి, రెండు వైపులా కొన్ని చుట్లు చొప్పున మార్చి మార్చి బిగించండి. స్ప్రింగు గిన్నెల్లో వదులై చేతితో తిప్పగలిగే దాకా పై నట్టు ముట్టుకోకండి. కంప్రెసర్ మీద ఇంపాక్ట్ గన్ వాడవద్దు. ముఖాన్ని స్ప్రింగు చివరలకు ఎదురుగా ఉంచవద్దు. ఈ దశ మీద నమ్మకం లేకపోతే, విప్పిన షాకులను దగ్గరలోని మెకానిక్ దుకాణానికి తీసుకెళ్లి స్ప్రింగులు మాత్రం మార్పించుకుని రండి. ఆ ఖర్చుకు వెనుకాడవద్దని నొక్కి చెబుతున్నాను.

8. పై నట్టు విప్పేటప్పుడు షాఫ్ట్ తిరుగుతుంటే దాన్ని కటింగ్ ప్లయరుతో పట్టుకోకండి. మెరిసే షాఫ్ట్ మీద పడిన చిన్న గీత చాలు, సీలు తెగి కొన్ని వారాల్లో నూనె కారడం మొదలవుతుంది. షాఫ్ట్ పై కొసలో ఉన్న షట్కోణపు గుంటలో అలెన్ కీ పెట్టి ఆపండి.

9. కొత్త షాకును అమర్చండి. బంప్ స్టాప్, దుమ్ము తొడుగు, స్ప్రింగు, రబ్బరు సీటు, పై మౌంటు, వాషర్లు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో వెళ్లాలి, అందుకే విప్పేటప్పుడు బల్ల మీద వరుసగా పేర్చుకోండి. స్ప్రింగు కొన గిన్నెలోని మెట్టుకు ఆని ఉండాలి. పై మౌంటు రెండు బోల్టులకూ, కింది రంధ్రానికీ మధ్య కోణం పాత షాకులో ఎలా ఉందో కొత్తదానిలోనూ అలాగే ఉండాలి. బిగించే ముందే పాతదాన్ని పక్కన పెట్టి పోల్చి చూడండి. షాఫ్ట్‌కు ఒక జిప్ టై చుట్టడం మరచిపోకండి, దాని ఉపయోగం తరువాత చెబుతాను.

10. షాకులను కారుకు ఎక్కించండి. కింది బోల్టును ఇప్పుడే పూర్తిగా బిగించవద్దు. ఈ బుష్‌లు, ఆర్ముల లోపలి బుష్‌లు రబ్బరుతో చేసినవి. అవి లోపలి ఉక్కు గొట్టానికి అంటి ఉండి, మెలిపడటం ద్వారానే పని చేస్తాయి. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే ప్రతి బుష్ మెలిపడిన స్థితిలోనే నిలబడిపోతుంది. ఫలితంగా కారు అనుకున్నదానికన్నా ఎత్తుగా, బిరుసుగా ఉంటుంది, ఏడాది తిరిగేలోపు బుష్‌లు చిరుగుతాయి. దించిన కార్లలో కనిపించే తప్పులన్నిటిలో ఎక్కువగా జరిగేది ఇదే. పై ఆర్ముల పొడవాటి బోల్టులను కూడా ఇప్పుడే ఒక చుట్టు వదులు చేసి ఉంచండి.

11. చక్రాలు ఎక్కించి, నట్లను 65 నుంచి 87 పౌండ్-అడుగుల మధ్య టార్క్‌కు బిగించి, కారును నేల మీదికి దించండి. వెంటనే ఎత్తు కొలవకండి. జాకీ మీద నుంచి దిగినప్పుడు టైర్లు లోపలికి లాగబడి ఉంటాయి, అందువల్ల కారు ఎత్తుగా కనిపిస్తుంది. ముందుకు, వెనక్కు కొన్ని మీటర్ల చొప్పున తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలి, ఆ తరువాత కొలవండి. దిగలేదని కంగారుపడి కాయిల్‌ఓవర్లను ఇంకా కిందికి తిప్పేవారి పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

12. ఇప్పుడు కారును ర్యాంపుల మీదికి ఎక్కించి, బరువు చక్రాల మీదే ఉండగా షాకు కింది బోల్టులు, పై ఆర్ముల బోల్టులు, ఎండ్ లింకులు మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. ర్యాంపులు లేకపోతే, ఒక్కొక్క మూలనా కింది ఆర్ము బయటి చివర జాకీ పెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుకు మీరు కొలిచిన ఎత్తు వచ్చేదాకా లేపి బిగించవచ్చు. అయితే మియాటా తేలిక కారు. ఆ ఎత్తు రాకముందే బాడీ స్టాండ్ మీద నుంచి లేస్తున్నట్టు కనిపిస్తే ఆపి, ర్యాంపులు తెచ్చుకోండి. కింది ఆర్ముల లోపలి బోల్టులను అలైన్‌మెంట్ చేసేవారు ఎలాగూ వదులు చేసి బిగిస్తారు కనుక ఆ బుష్‌ల సంగతి అక్కడ తీరిపోతుంది.

అలైన్‌మెంట్

దించిన ప్రతి కారుకూ ఇది తప్పనిసరి. ఎత్తు తగ్గగానే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రాల వాలు), టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారిపోతాయి. టో తప్పుగా ఉంటే కొత్త టైర్లు కూడా త్వరగా అరిగిపోతాయి. దుకాణానికి వెళ్లే ముందు వారు మియాటా ముందు వెనుక ఎక్సెంట్రిక్ బోల్టులన్నీ సర్దుతారా అని ఫోన్‌లోనే అడగండి. కొన్నిచోట్ల ముందు టో మాత్రమే సరిచేసి పంపేస్తారు. రోడ్డు కారుకు నేను ఇచ్చే లెక్క ఇది: ముందు క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ, వెనుక మైనస్ 1.5 డిగ్రీలు, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగు ఇరుసు వాలు) 4.5 నుంచి 5 డిగ్రీలు, ముందు టో సున్నా, వెనుక రెండు చక్రాలకూ కలిపి అంగుళంలో పదహారో వంతు టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి). ఎడమ కుడి అంకెలు సమానంగా ఉండటం అసలు అంకె కన్నా ముఖ్యం. తేలిక కారులో నడిపేవారి బరువుకూ విలువ ఉంటుంది, అందుచేత డ్రైవరు సీటులో మీ బరువుకు సమానమైనదేదైనా పెట్టి కొలవమని అడగండి.

ఫలితాన్ని ఎలా పరీక్షించాలి

జిప్ టై పని ఇప్పుడు మొదలవుతుంది. కారు నేల మీద నిలబడి ఉండగా దుమ్ము తొడుగును పైకి లేపి, జిప్ టైని షాకు బాడీ మీదికి ఆనేలా జరపండి. టైకీ బంప్ స్టాప్ కింది అంచుకూ మధ్య దూరమే మీకు మిగిలిన స్వేచ్ఛా కదలిక. అది ఒక అంగుళం కన్నా తక్కువుంటే కారు మరీ కిందికి వెళ్లిందని నా అభిప్రాయం. తరువాత మీరు రోజూ వెళ్లే రోడ్డు మీద మామూలు వేగంతో ఒక చుట్టు తిరిగి వచ్చి చూడండి. టై పైకి జరిగి బంప్ స్టాప్‌కు కాస్త కింద ఆగితే మంచిదే. అప్పుడప్పుడు స్టాప్‌ను తాకినా ఫరవాలేదు, దాని పని అదే. టై స్టాప్‌లోకి బలంగా నొక్కుకుపోయి కనిపిస్తే మాత్రం కాయిల్‌ఓవర్లయితే ఎత్తు పెంచండి, స్ప్రింగులయితే ఇంకొంచెం గట్టివి ఎంచుకోండి.

శబ్దాలను బట్టి కూడా తప్పు ఎక్కడుందో చెప్పవచ్చు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద టక్కుమని వినిపిస్తే ఎండ్ లింకు గానీ పై నట్టు గానీ వదులుగా ఉంది. పెద్ద గుంటలో దబ్బుమంటే బంప్ స్టాప్ తగులుతోంది. స్టీరింగు పూర్తిగా తిప్పి వాలు దిగేటప్పుడు గీసుకుంటున్న చప్పుడు వస్తే టైరు లోపలి ప్లాస్టిక్ తొడుగుకు రాసుకుంటోంది. వెడల్పు టైర్లు వేసినవారు దీన్ని ముందే ఊహించాలి. చదునైన రోడ్డు మీద స్టీరింగు ఒక వైపుకు తిరిగి ఉంటే అలైన్‌మెంట్ దుకాణానికి తిరిగి వెళ్లండి.

హెడ్‌లైట్ల గురి కూడా చూసుకోండి. ముందు, వెనుక సమానంగా దిగకపోతే కాంతి రోడ్డు మీదికి మరీ దగ్గరగా పడుతుంది, లేదా ఎదుటివారి కళ్లలో పడుతుంది. పని మొదలుపెట్టే ముందే 25 అడుగుల దూరంలోని గోడ మీద కాంతి అంచును టేపుతో గుర్తించి ఉంచుకుంటే, తరువాత పోల్చి సర్దడం తేలిక.

చట్టం సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియా వాహన చట్టం 24008వ సెక్షన్ ప్రకారం, చక్రాలు తప్ప కారులోని ఏ భాగమూ చక్రపు రిమ్ము అడుగు అంచు కన్నా కిందికి ఉండకూడదు. ఒక అంగుళం దించిన మియాటా ఈ హద్దుకు చాలా పైనే ఉంటుంది. టెక్సస్‌లో వ్యక్తిగత కార్లకు భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి లేదు, పెన్సిల్వేనియాలో ఏటా ఉంది. ఎక్కడున్నా బీమా సంస్థకు ఈ మార్పు తెలియజేయడం మంచిది.

ఇండియాలోని కారుకు ఇదే పని చేయవచ్చా అని హైదరాబాద్, విజయవాడల నుంచి కూడా అడుగుతుంటారు. నేను వద్దనే చెబుతాను. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలతో సరిపోలకుండా పోయే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు కూడా దీన్ని గట్టిగా సమర్థించింది. పైగా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తే 10 సెంటీమీటర్లు, దాని వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన కాలనీల్లో ఆ వెడల్పు లేకుండా, అంతకన్నా ఎత్తుగా పోసినవే ఎక్కువ.

అమెరికాలో పని పూర్తిచేసినవారు 50 మైళ్లు నడిపాక చక్రాల నట్లు, పై మౌంటు నట్లు, కింది బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో సరిచూడండి. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వారాల్లో కొద్దిగా కుంగుతాయి కాబట్టి ఎత్తులు మరోసారి కొలవండి. పావు అంగుళం కన్నా ఎక్కువ మారితే అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. వెయ్యి మైళ్ల తరువాత టైరు అడ్డంగా మూడు చోట్ల గాడి లోతు కొలవండి. లోపలి అంచు బయటి అంచు కన్నా కాస్త ఎక్కువ అరిగితే అది క్యాంబర్ వల్ల, దానికి కంగారు అక్కర్లేదు. అరచేతిని టైరు మీద అడ్డంగా పోనిచ్చినప్పుడు ఒక వైపుకు నున్నగా, తిరుగు వైపుకు రంపం అంచులా గీరుకుంటే అది టో తప్పు, అదే వారంలో సరిచేయించండి.